ఎంపీసీనా, బైపీసీనా అని అడగని డిగ్రీ

నమస్తే అండీ. ఇంటర్ రిజల్ట్స్ రాగానే మన ఇళ్లలో వినపడేవి రెండే ప్రశ్నలు. ఎంసెట్‌లో ర్యాంకెంత? నీట్‌లో సీటొస్తుందా? రెండూ కుదరకపోతే "సరేలే, ఏదో ఒక బీఎస్సీలో చేర్పించండి" అంటారు. నాకు చిరాకు తెప్పించేది ఆ "సరేలే"నే.

పదో తరగతి అవ్వగానే పిల్లల్ని గ్రూపు తేల్చుకోమంటాం. బైపీసీకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది లెక్కలు వదిలేస్తారు, ఎంపీసీ వాళ్లు బయాలజీ పుస్తకం మళ్లీ ముట్టుకోరు. డిగ్రీలో ఎంపీసీ, బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) అనే పాత గ్రూపులు కూడా ఆ గోడని అలాగే ఉంచాయి.

ఆ గోడ లేని డిగ్రీలూ ఉన్నాయి. తిరుపతి దగ్గర ఏర్పేడులో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది. 2015లో మొదలైంది. అక్కడి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో, అంటే డిగ్రీ, పీజీ కలిపిన కోర్సులో, మొదట్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ చదువుతారు. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, సంగతి ఆ తర్వాతే. బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీ కూడా 2011లో నాలుగేళ్ల డిగ్రీ పెట్టింది. అందులో సైన్సులతో పాటు కొంత ఇంజినీరింగ్, కొంత హ్యుమానిటీస్ కూడా ఉంటాయి.

ఇన్ని సబ్జెక్టులు ఎందుకంటారా? శాస్త్రవేత్త వెంకీ రామకృష్ణన్‌ని చూడండి. బరోడాలో ఫిజిక్స్ డిగ్రీ, అమెరికాలో ఫిజిక్స్‌లోనే పీహెచ్‌డీ. ఆ తర్వాత మళ్లీ విద్యార్థిగా బయాలజీ క్లాసులో కూర్చున్నారు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణం మీద చేసిన పనికి 2009లో నోబెల్ వచ్చింది, అదీ కెమిస్ట్రీలో! పీహెచ్‌డీ అయ్యాక ఆయన వేసిన అడుగుని మన పిల్లలు పద్దెనిమిదేళ్లకే వేయొచ్చు కదా.

అలాగని ఇది తేలికైన దారి అనుకోకండి. ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు, ఒక్కో సబ్జెక్టు నుంచి 15. తప్పు రాస్తే మార్కు కోత. బైపీసీ అమ్మాయి ముందు కూడా ఆ 15 లెక్కలు ఉంటాయి. ఎలాగోలా సీటొచ్చినా మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ క్లాసంటే టెన్షనే. ఇంటర్‌లో ఉండగానే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి లెక్కల పుస్తకం పట్టుకోవడం మంచిది. ఎంపీసీ అబ్బాయికి బయాలజీతో ఇదే గొడవ, కాకపోతే వాళ్లు దాన్ని "బట్టీ పట్టేద్దాంలే" అని తేలిగ్గా తీసుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు.

ఏం చదవాలో తోచక ఇందులో చేరదామనుకునేవాళ్లకి మాత్రం ఇది చదవమని నేను సలహా ఇవ్వను. నాలుగు సబ్జెక్టుల మీద కుతూహలం ఉండటం వేరు, దేని మీదా లేకపోవడం వేరు.

టీచర్ ఉద్యోగం మీద మనసున్నవాళ్లకి ఒక్క మాట. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివారో చూస్తారు. మేజర్, మైనర్ ఎంచుకునే ముందే పాత నోటిఫికేషన్ ఒకటి తీసి, మీరు అనుకున్న కాంబినేషన్ అందులో సరిపోతుందో లేదో చూసుకోండి. డిగ్రీ చేతికొచ్చాక చూసుకుంటే మార్చుకోవడానికి ఏమీ ఉండదు.