పచ్చటి చదరం చుట్టూ: మెల్‌బోర్న్ శివార్లలో బౌల్స్ క్లబ్బుల కథ

సభలో ఉన్న పెద్దలకు, అన్నయ్యలకు, వదినలకు, వెనక వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఈ బౌల్స్ క్లబ్ హాల్లో మనం ఉగాదికి పంచాంగ శ్రవణం చేశాం. సీమంతాలు చేశాం, బతుకమ్మ ఆడాం, లెక్కలేనన్ని పుట్టినరోజులు జరుపుకున్నాం. అద్దె కట్టి, ఊడ్చి, తాళం తిరిగిచ్చి వెళ్లిపోయాం. ఆ కిటికీ అవతల కనిపించే పచ్చటి చదరం ఏమిటని అడిగినవాళ్లు మాత్రం తక్కువ. నేను ఈ క్లబ్‌లో సభ్యుణ్ణి కాబట్టి దాని సంగతి చెప్పమని మన తెలుగు సంఘం వాళ్లు అడిగారు. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఇలాంటి క్లబ్బుల్ని 160 ఏళ్లుగా నిలబెట్టింది జీతం లేని చాకిరీ. ఆ చాకిరీలో మన వంతు ఇంకా మొదలవలేదు.

ముందు ఆట. చిన్నప్పుడు గోలీలాడినవాళ్లకు ఇది సగం వచ్చినట్టే. ఒక చిన్న తెల్లబంతిని దూరంగా దొర్లిస్తారు. దాన్ని జాక్ అంటారు, ఇక్కడివాళ్లు ముద్దుగా కిట్టీ అని కూడా అంటారు. తర్వాత రెండు పక్షాలవాళ్లూ తమ పెద్ద బంతుల్ని, అంటే బౌల్స్‌ని, దాని దగ్గరికి చేర్చాలి. ఎవరి బౌల్ జాక్‌కి దగ్గరగా ఉంటే వాళ్లకు పాయింట్లు. వినడానికి ఇంతే. కానీ బౌల్ పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక పక్కకు కొద్దిగా ఒరిగేలా చేస్తారు. అందుకని అది నేరుగా పోదు, వేగం తగ్గేకొద్దీ వంపు తిరుగుతుంది. మీ గురి జాక్ మీద ఉంటే బౌల్ ఇంకెక్కడో తేలుతుంది. కిలోన్నర దాకా బరువుండే ఆ బంతి ఎక్కడ వంగుతుందో చేతికి తెలియాలంటే నెలలు పడుతుంది. బాగా వేయడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

నలుగురి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో పని. లీడ్ జాక్‌ని దొర్లించి ఆట మొదలుపెడతారు. సెకండ్ స్కోరు రాస్తారు. థర్డ్ దూరాలు కొలుస్తారు. స్కిప్ అవతలి చివర నిలబడి ఏ వైపు నుంచి వేయాలో చేతులతో చూపిస్తారు. ఎనభై ఏళ్ల స్కిప్ చెప్పినట్టు ఇరవై ఏళ్ల లీడ్ వేయాలి. వయసు తేడాలున్నవాళ్లు ఒకే జట్టులో సమానంగా ఆడే ఆట నాకు మరొకటి తెలియదు.

మైదానాన్ని గ్రీన్ అంటారు. ఒక్కో పక్క 31 నుంచి 40 మీటర్లు ఉంటుంది. ఇక్కడ చాలా గ్రీన్లలో పెంచే కౌచ్ గడ్డి మన గరిక జాతిదే. వినాయక చవితికి మనం వెతుక్కునే గరికను ఇక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోసి, రోలర్ తిప్పి, నున్నగా చేస్తారు. గ్రీన్ వేగాన్ని సెకన్లలో చెబుతారు. 27 మీటర్లు దొర్లి ఆగడానికి బౌల్‌కి ఎంతసేపు పట్టిందన్నది లెక్క. ఎక్కువ సెకన్లు పడితే అది వేగమైన గ్రీన్. తిరకాసుగా ఉంది కదా! గడ్డి నున్నగా ఉంటే బౌల్‌ని మెల్లగా వదిలినా చాలు, అది తీరిగ్గా దొర్లుతూ అంతదూరం వెళ్తుంది. అందుకే ఎక్కువ సమయం పడుతుంది. తెల్లవారుజామున వచ్చి ఆ గడ్డిని చూసుకునే గ్రీన్‌కీపర్‌కి క్లబ్‌లో అధ్యక్షుడి కంటే ఎక్కువ గౌరవం ఉంటుంది. ఉండాలి కూడా.

ఇక చరిత్ర. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఉన్న గ్రీన్ 1299 నుంచీ ఉందని చెప్పుకుంటారు. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1541లో, ఒక చట్టం వచ్చింది. కూలీలు, చేతిపనివాళ్లు, నౌకర్లు క్రిస్మస్ రోజుల్లో తప్ప బౌల్స్ ఆడకూడదు. సొంత భూమి మీద ఏడాదికి వంద పౌండ్ల రాబడి ఉన్న పెద్దమనుషులు మాత్రం తమ తోటల్లో ఆడుకోవచ్చు. పేదవాళ్లు ఆటల్లో పడితే విలువిద్య మరిచిపోతారని ఏలినవారి బాధ. ఆ ఆంక్ష పూర్తిగా పోయింది 1845లో! మూడు వందల ఏళ్లపాటు కాగితం మీద ఇది కలిగినవాళ్ల ఆటే.

అదే 1845 జనవరి 1న టాస్మానియాలోని హోబార్ట్‌లో, శాండీ బే దగ్గర ఒక సత్రం గ్రీన్ మీద ఆస్ట్రేలియాలో మొదటి ఆట జరిగినట్టు రికార్డు ఉంది. ఆ తర్వాత 1851లో విక్టోరియాలో బంగారం బయటపడింది. జనం ఓడలకెక్కి వచ్చారు. వాళ్లలో స్కాట్లండ్ వాళ్లు చాలామంది. ఈ ఆటకు పక్కా నియమాలు రాసింది కూడా ఆ రోజుల్లోనే, గ్లాస్గోకి చెందిన మిచెల్ అనే లాయరు. అంతకుముందే, 1830లో, ఎడ్విన్ బడ్డింగ్ గడ్డికోత యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అది లేకపోతే ఇంత నున్నటి గ్రీన్ మామూలు మనుషులకు అందేది కాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. 1856లో మెల్‌బోర్న్ రాతిపనివాళ్లు పని ఆపి రోడ్డెక్కి, రోజుకు ఎనిమిది గంటల పని సాధించుకున్నారు. ప్రపంచంలో చాలా చోట్ల కార్మికులు అప్పటికి దాన్ని ఊహించను కూడా లేదు. ఎనిమిదేళ్లకు, 1864లో, మన ఊళ్లో విండ్సర్ ప్రాంతపు మెల్‌బోర్న్ బౌలింగ్ క్లబ్ పుట్టింది. దేశంలో అన్నిటికంటే పాత బౌల్స్ క్లబ్ అదే, ఇప్పటికీ ఆడుతున్నారు. ఒకదాని వల్లే మరొకటి వచ్చిందని నేననను. ఆ తొలి క్లబ్బుల్లో చేరినవాళ్లు ఎక్కువగా వ్యాపారులు, ఉద్యోగస్తులే. కానీ క్లబ్ అనేది శివారు శివారుకీ పాకడానికి మనిషి చేతిలో ఖాళీ సాయంత్రం ఉండాలి. దాన్ని ఇక్కడి కార్మికులు పోరాడి తెచ్చుకున్నారు. 1948లో దేశమంతా వారానికి 40 గంటల పని అమల్లోకి వచ్చి శనివారం ఖాళీ అయ్యాక, కొత్త రైలు స్టేషన్లు, కొత్త ఇళ్లతో పాటే బౌల్స్ క్లబ్బులూ మొలిచాయి.

క్రికెట్ అభిమానులకు ఒక ముక్క. డబ్ల్యూ జి గ్రేస్, ఆ పెద్ద గడ్డం ఆయన, 1903లో ఇంగ్లిష్ బౌలింగ్ అసోసియేషన్ స్థాపించి దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఆడవాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. విక్టోరియా మహిళలు 1907లోనే తమ సొంత బౌల్స్ సంఘం పెట్టుకున్నారు. అయినా దశాబ్దాలపాటు ఎన్నో క్లబ్బుల్లో వాళ్లకు పూర్తి సభ్యత్వం లేదు. మగవాళ్లు పనికెళ్లే వారం మధ్య రోజుల్లో ఆడుకోవాలి, శనివారం మాత్రం మగవాళ్ల పోటీకి టీ, శాండ్‌విచ్‌లు, కేకులు సిద్ధం చేయాలి. గోడ మీద చెక్క బోర్డుల్ని చూడండి. బంగారు అక్షరాలతో ఛాంపియన్ల పేర్లు, అధ్యక్షుల పేర్లు రాసి ఉంటాయి. ఆ గ్రీన్ వేయడానికి, ఈ హాలు కట్టడానికి డబ్బు పోగుచేసిన కేకుల అమ్మకాలు, రాఫిళ్లు, అంటే చిన్న లాటరీలు, నడిపింది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఆ బోర్డుల మీద పలచగా ఉన్నాయి. ఇది నన్ను ఎప్పుడూ నొప్పిస్తుంది. ఇప్పుడు శనివారం పెన్నెంట్, అంటే క్లబ్బుల మధ్య జరిగే పోటీల్లో ఆడా మగా ఒకే జట్టులో ఆడుతున్నారు. ఆలస్యమైనా మంచి మార్పు.

1980ల తర్వాత తగ్గుదల మొదలైంది. ఆదివారం కూడా దుకాణాలు తెరిచారు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు పెరిగాయి, పాత సభ్యులు వృద్ధులయ్యారు. నఖశిఖపర్యంతం తెల్లబట్టలే వేసుకోవాలన్న పట్టుదల చూసి కుర్రాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు. తర్వాత ఏళ్లకేళ్లు సాగిన కరువు, నీటి ఆంక్షలు వచ్చాయి. గడ్డికి నీళ్లు లేక కొన్ని క్లబ్బులు కృత్రిమ గడ్డి పరిచాయి. కొన్ని పక్క క్లబ్‌తో కలిసిపోయాయి. కొన్ని మూతపడ్డాయి. చాలా క్లబ్బుల స్థలం కౌన్సిల్‌ది, లీజు మీద నడుస్తుంది. సభ్యులు పలచబడితే ఆ స్థలం మీద అందరి కన్నూ పడుతుంది. ఒకసారి గ్రీన్ పోతే మళ్లీ ఎవరూ గ్రీన్ వేయరు.

కొన్ని క్లబ్బుల్ని గట్టెక్కించినది బేర్‌ఫుట్ బౌల్స్. చెప్పులు విప్పి, మామూలు బట్టలతో, శుక్రవారం సాయంత్రం కుర్రాళ్లు వచ్చి ఆడి తిని వెళ్తారు. పాతవాళ్లలో కొందరికి అది నచ్చలేదు. నాకు నచ్చింది. ఆ డబ్బుతోనే గ్రీన్‌కి ఎరువు వస్తోంది.

ఇక మన విషయం. మన ఊళ్లలో క్లబ్ అంటే పేకాట, మందు. కాబట్టి ఇక్కడ కూడా సభ్యత్వం మాట ఎత్తగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. బార్ ఉందా? ఉంది. తాగమని ఎవరూ బలవంతపెట్టరు, నేను టీతోనే గడుపుతాను. పోకీలు, అంటే డబ్బులు మింగే ఆ మెషీన్లు, కొన్ని పెద్ద క్లబ్బుల్లో ఉన్నాయి. వాటికి దూరంగా ఉండమని నేనే చెబుతాను. మన ఈ క్లబ్‌లో అవి లేవు.

రెండో మాట, ఇది తెల్లవాళ్ల ఆట అని. 2022 ఆగస్టు 2న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన భారతదేశపు మహిళల ఫోర్స్, అంటే నలుగురి జట్టు, ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి స్వర్ణం గెలిచింది. సెమీస్‌లో న్యూజిలాండ్‌ను 16-13తో దాటారు. జార్ఖండ్ పోలీసు శాఖ నుంచి లవ్లీ చౌబే, రాంచీ అమ్మాయి రూపా రాణి టిర్కీ, ఢిల్లీ బడిలో పీఈటీ పింకీ, అప్పట్లో అస్సాం అటవీ శాఖలో పనిచేస్తున్న నయన్‌మోని సైకియా. అంతకుముందు ఈ ఆటలో భారత్‌కి ఆ క్రీడల్లో ఒక్క పతకం కూడా లేదు. ఆ ఏడాదే మగవాళ్ల జట్టు రజతం తెచ్చింది. రాంచీలో, గువాహటిలో పుట్టిన ఆట కాదు కదా ఇది! ఎవరు నేర్చుకుంటే వాళ్లది.

నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది మన అమ్మానాన్నల గురించి. ఆరు నెలల వీసా మీద వస్తారు. మనం ఉదయం ఏడింటికి వెళ్లిపోతాం. పాయింట్ కుక్, టార్నిట్ లాంటి మన శివార్ల వీధుల్లో మధ్యాహ్నం మనిషి అలికిడి ఉండదు. కారు నడపలేరు, ఇంగ్లిష్ బెరుకు. టీవీ, వాట్సాప్, కిటికీ. మా మామయ్యగారు వచ్చినప్పుడు మూడో వారానికే తిరుగు టికెట్ మార్చమన్నారు. ఆయన్ని ఒక మంగళవారం రోల్ అప్‌కి, అంటే పోటీ కాకుండా ఊరికే ఆడుకునే ఆటకు, తీసుకొచ్చాను. ఎదుటి ఆయన రిటైరైన ట్రామ్ డ్రైవరు. ఇద్దరికీ ఉమ్మడి భాష పెద్దగా లేదు. చేయి కలిపి ఆట మొదలు, చేయి కలిపి ముగింపు, మధ్యలో బౌల్ జాక్ పక్కన ఆగితే అరుపులు, చప్పట్లు. తర్వాత టీ. మంగళవారం వస్తోందంటే ముందురోజే బూట్లు తుడుచుకునేవారు. ఆయనకు దండిగా తోడు దొరికింది, క్లబ్‌కి ఒక ఆటగాడు దొరికాడు.

2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు సుమారు 60 వేలు. ఈ పడమటి శివార్లలో ప్రతి వీధిలో మనం ఉన్నాం. ఈ క్లబ్ కమిటీలో మాత్రం ఒక్కరం కూడా లేం. హాలు బుకింగులు చూసేవాళ్లు, బార్ వెనక నిలబడేవాళ్లు, శనివారం రాఫిల్ టికెట్లు అమ్మేవాళ్లు, గట్టర్లు శుభ్రం చేసేవాళ్లు డెబ్బై దాటినవాళ్లు. మనం వేసే ప్రతి పండగకు తాళం తీసి పెట్టేది వాళ్లే. అద్దె కట్టాం కదా అని మీరు అనవచ్చు. హాలు కరెంటు బిల్లుకు అద్దె సరిపోతుందేమో, రేపు వాళ్లు లేకపోతే తాళం తీసేందుకు ఎవరుంటారు?

టైం లేదంటారా, నిజమే, నాకూ ఉద్యోగం ఉంది. నెలలో ఒక శనివారం ఉదయం అడుగుతున్నాను. సీజన్ తెరిచే ముందు వర్కింగ్ బీ, అంటే అందరూ కలిసి క్లబ్ పనులు చేసే రోజు, ఉంటుంది. కంచెకు రంగు వేయాలి, బెంచీలు బాగుచేయాలి, చెత్త తీయాలి. ఆ రోజు మధ్యాహ్నం భోజనం మన సంఘం పెడితే బాగుంటుందని కార్యదర్శి గారితో మాట్లాడాను, ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. పులిహోర, పెరుగన్నం అనుకుంటున్నాను, కారం తక్కువగా. ఎవరెవరు ఏం తెస్తారో వదిన దగ్గర పేరు రాయించండి.

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినవాళ్లు మంగళవారం పదింటికి తీసుకురండి. అడుగు చదునుగా ఉన్న బూట్లు చాలు, బౌల్స్ క్లబ్ ఇస్తుంది. కారు లేనివాళ్లను స్టేషన్ దగ్గర ఎక్కించుకోవడానికి ఇద్దరు డ్రైవర్లు కావాలి. సభ్యత్వ ఫారాలు తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి. తర్వాత వెలుతురు ఉండగానే బయటికెళ్లి అందరం తలో రెండు బౌల్స్ వేద్దాం.