పాట వెనక ఇంకో స్టేషన్

శ్రోతలకి నమస్కారమండీ. ఎఫ్ఎంలో మీరు పాట వింటున్న అదే సిగ్నల్ మీద, మీకు తెలియకుండా ఇంకో ప్రోగ్రామ్ కూడా నడిపించొచ్చు. ఎలాగంటే మన చెవి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, ఎఫ్ఎంలో పాటనీ మాటనీ 15 దగ్గరే ఆపేస్తారు, 19 దగ్గర పైలట్ టోన్ పెడతారు, ఇది స్టీరియో అని రేడియోకి తెలియడానికి, 38కి అటూ ఇటూ కుడి ఎడమల తేడా వెళ్తుంది, 57 దగ్గర ఆర్‌డీఎస్, కారు స్క్రీన్ మీద స్టేషన్ పేరు పడుతుందే, అదన్నమాట. ఇన్ని సర్దినా పైన ఇంకా చోటు మిగులుతుంది. అక్కడ 67 దగ్గరో 92 దగ్గరో ఎక్కించేదే సబ్‌క్యారియర్ ఛానెల్. మామూలు సెట్లో వినపడదు, రిసీవర్ వేరే కావాలి.

అమెరికాలో 1955లో ఎఫ్‌సీసీ, అంటే అక్కడ రేడియోలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ, దీనికి పర్మిషన్ ఇచ్చింది. అప్పట్లో అక్కడ ఎఫ్ఎం వినేవాళ్ళే తక్కువ, డబ్బులెక్కడివి, అందుకని స్టేషన్లు ఆ చోటుని మ్యూజాక్ లాంటి కంపెనీలకి అద్దెకిచ్చుకున్నాయి, షాపుల్లో ఆఫీసుల్లో యాడ్స్ లేకుండా మెల్లగా మోగే మ్యూజిక్ అలా వచ్చేది. డబ్బు కట్టినవాళ్ళకే. మరి ఎలక్ట్రానిక్స్ పిచ్చోళ్ళు ఊరుకుంటారా? 565 అనే ఐసీ, అంటే చిన్న చిప్పు, వచ్చాక ఆ ఛానెల్ని బయటికి లాగే సర్క్యూట్ చిప్పు కంపెనీవాళ్ళ కాగితాల్లోనే దొరికేది, ఇంట్లో సెట్టుకి తగిలించుకుని ఫ్రీగా వినేశారు. అంత కష్టపడి లిఫ్టులో మోగే సంగీతం వినడమేంటో గానీ!

నాకు నచ్చింది మాత్రం అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రంవాళ్ళు చేసిన పని. 1969 జనవరిలో, అంధుల కోసం పనిచేసే అక్కడి రాష్ట్ర ఆఫీసులో స్టాన్లీ పాటర్ లాంటివాళ్ళు పూనుకుని ఇలాంటి సబ్‌క్యారియర్ ఛానెల్ మీదే రేడియో టాకింగ్ బుక్ అనే సర్వీసు మొదలెట్టారు, వాలంటీర్లు పేపర్లూ పుస్తకాలూ చదివేవాళ్ళు, చూపు లేనివాళ్ళకి ఆ ఒక్క ఛానెలే పలికే రిసీవర్ ఊరికే ఇచ్చేవాళ్ళు. తర్వాత చాలా రాష్ట్రాల్లో ఇలాంటివి వచ్చాయి, కొన్నిచోట్ల కిరాణా షాపు ఆఫర్లు కూడా చదివేవాళ్ళట. చూపున్నవాళ్ళకి పేపర్లో అది చిన్న విషయమే, లేనివాళ్ళకి ఎవర్నీ అడక్కుండా ధరలు తెలియడం చిన్న విషయం కాదండీ. పుస్తకాలు మొత్తం చదివేస్తే కాపీరైట్ గొడవ వస్తుంది కదా, అందరికీ వినపడని ఛానెల్ కావడం అక్కడ కూడా కలిసొచ్చింది.

2004లో మైక్రోసాఫ్ట్ కూడా ఈ దారినే చేతి వాచీలకి వార్తలూ వాతావరణం పంపింది, 2011 చివరికల్లా ఆపేసింది, ఫోన్లో అన్నీ వస్తుంటే వాచీ ఎవరు కొంటారు.

మీ దగ్గర ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే కంప్యూటర్‌నే రేడియోగా మార్చే చిన్న యూఎస్‌బీ పరికరం, ఉంటే ల్యాప్‌టాప్‌కి పెట్టి మీ ఊరి ఎఫ్ఎంని డీమాడ్యులేట్ చేసి, అంటే అది మోసుకొచ్చే సిగ్నల్ని విడదీసి, స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఏముందో చూపించే బొమ్మ, చూడండి, స్టీరియో స్టేషనైతే 19 దగ్గర సన్నటి గీత కనిపిస్తుంది, ఆర్‌డీఎస్ ఉంటే 57 దగ్గర చిన్న దిబ్బలు రెండు.