బ్రేక్ కొడితే వైట్ ఎందుకు ఎగిరిపోతోంది?

యాంకర్: టేబుల్ మీద క్యూ కర్రతో బాల్స్ కొట్టే పూల్ ఆట కోచ్ గారు మనతో ఉన్నారు. వరంగల్ నుంచి కాలర్ లైన్లో ఉన్నారు, మాట్లాడండి.

కాలర్: నమస్తే సర్. తొమ్మిది నంబర్ బాల్స్‌తో ఆడే నైన్ బాల్ ఆడతాను. బ్రేక్, అంటే ఆట మొదలుపెట్టే దెబ్బ, గట్టిగా కొడితే వైట్ బాల్ టేబుల్ దాటి ఎగిరిపోతోంది, లేదంటే పక్క పాకెట్‌లో పడుతోంది. అమెరికా పూల్ ఆటగాడు షేన్ వాన్ బోయెనింగ్ అంత బలంగా కొట్టినా ఆయన వైట్ టేబుల్ మధ్యలోనే ఆగుతుంది. ఎలా సర్?

కోచ్: భలే గమనించావు తమ్ముడూ. వైట్ ఒకటో నంబర్ బాల్‌ని నిండుగా తాకితే ఊపంతా ర్యాక్‌లోకి, అంటే గుంపుగా పేర్చిన బాల్స్‌లోకి పోతుంది. కాస్త పక్కకి తగిలిందా, మిగిలిన ఊపుతో పాకెట్ వైపు పరిగెడుతుంది. కొట్టేటప్పుడు క్యూ వెనక భాగం పైకి లేస్తోందా?

కాలర్: అవును సర్, బాగా లేపే కొడతా.

కోచ్: అక్కడే వచ్చింది తంటా. క్యూ పైనుంచి వాలుగా దిగితే వైట్ గాల్లో వెళ్లి ఒకటో బాల్‌కి పైభాగంలో తగులుతుంది. ఇక ఎగరక ఏం చేస్తుంది? వైట్‌ని కుషన్‌కి, అంటే టేబుల్ అంచు గట్టుకి ఆనించి పెట్టకు. కొంచెం ముందుకు జరిపి, క్యూ వీలైనంత అడ్డంగా ఉంచి, సగం బలంతో కొట్టు. వైట్ మధ్యలో ఆగడం అలవాటయ్యాకే బలం పెంచు.

కాలర్: సగం బలంతో బాల్స్ పడతాయా సర్?

కోచ్: ఎందుకు పడవు! 2001 యూఎస్ ఓపెన్ నైన్ బాల్ టోర్నీలో కోరీ డ్యూయెల్ అనే ఆటగాడు మెత్తటి బ్రేక్‌తోనే అందరినీ ఆశ్చర్యపరిచాడు. ఫైనల్లో మికా ఇమొనెన్‌ని 11-0తో ఓడించాడు. నాకు ఆ తెలివి చాలా ఇష్టం. తర్వాత అలా కొట్టకుండా కొన్ని టోర్నీల్లో రూల్ పెట్టారు: కనీసం మూడు బాల్స్ పాకెట్‌లో పడాలి, లేదా హెడ్ స్ట్రింగ్, అంటే బ్రేక్ కొట్టే వైపు టేబుల్‌కి అడ్డంగా ఉండే గీత, దాటాలి. కొన్ని పెద్ద టోర్నీల్లో ర్యాక్ ముందుండే ఒకటో బాల్‌కి బదులు మధ్యలోని తొమ్మిదో బాల్‌ని టేబుల్ మీది గుర్తు (స్పాట్) మీద పెట్టడంతో మూల పాకెట్‌కి పోయే బాల్ దారి మారిపోయింది. అందుకే ఇప్పుడు చాలామంది వైట్‌ని పక్కనుంచి కొట్టి, నిండుగా కాకుండా అంచున తాకించి (కట్ చేసి), ఒకటో బాల్‌ని పక్క పాకెట్‌లో వేస్తున్నారు. నువ్వు మాత్రం ముందు నిండుగా తాకడం నేర్చుకో. అన్నట్టు, మీ పార్లర్‌లో ర్యాక్ ఎవరు పెడతారు?

కాలర్: అక్కడి అబ్బాయే పెడతాడు సర్.

కోచ్: పెట్టాక వంగి చూడు. ఒకటో బాల్ వెనకున్న రెండింటికీ ఆనిందా లేదా? సందు కనిపిస్తే మళ్లీ పెట్టమను. సందున్న ర్యాక్‌ని ఎంత బలంగా కొట్టినా సరిగా చెదరదు.

కాలర్: బ్రేక్ కోసమే వాడే ప్రత్యేక క్యూ కొనాలా సర్?

కోచ్: ఇప్పుడే వద్దు. వైట్ చెప్పినచోట ఆగనీ, అప్పుడు బాల్‌కి తగిలే కొన (టిప్) గట్టిగా ఉన్నది కొనుక్కో.