సెల్ఫ్ కొట్టకపోతే ముందు ఏం చూడాలి?

శ్రోతలకు నమస్కారం.

పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరి, భావనపాడు చేపలు, రామభద్రపురం కూరగాయలు... వీటిలో చాలా సరుకు ఊరు దాటేది చిన్న పికప్ బండి మీదే. 2005లో టాటా ఏస్ వచ్చింది, ఆ తర్వాత అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది, బొలెరో పికప్ ఎటూ ఉంది. ఈ బండ్లకి చాలాచోట్ల ఓనరూ డ్రైవరూ ఒక్కరే. బండి ఆగితే ఆ రోజు కిరాయి పోయినట్టే. షెడ్డుకి తోయించుకుని వెళ్తే, "సెల్ఫ్ పోయింది, మార్చెయ్యాలి" అన్న మాట వింటారు. ఒక్కోసారి నిజంగానే పోయి ఉంటుంది. చాలాసార్లు మాత్రం అసలు లోపం చెయ్యి పెడితే తగిలే చోటే ఉంటుంది. అందుకే ఖరీదైన సామానుని అనుమానించే ముందు చవక వాటిని ఎలా పరీక్షించాలో ఇవాళ చెప్పుకుందాం. కాగితం, కలం ఉంటే దగ్గర పెట్టుకోండి, కొన్ని అంకెలు వస్తాయి.

తాళం తిప్పారు. "టక్" అని ఒక్క చప్పుడు వచ్చి ఆగింది. హెడ్ లైట్లు వేసి మళ్లీ తిప్పండి. లైట్లు దాదాపు ఆరిపోతే బ్యాటరీలో శక్తి లేదు, లేదంటే టెర్మినల్ దగ్గర పట్టు లేదు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూనే ఉంటే బ్యాటరీ బాగానే ఉంది, కరెంటు సెల్ఫ్ మోటారు దాకా చేరడం లేదు. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు.

ఇంట్లో ఒక మల్టీమీటర్ ఉంటే ఇంకా మేలు. కొన్ని వందల రూపాయల్లో మామూలుది దొరుకుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండి బ్యాటరీ మీద పొద్దున్నే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2కి దిగితే సగమే ఉంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. నడుస్తున్నా 12.5 దగ్గరే ఉండిపోతే డైనమో ఛార్జింగ్ చెయ్యడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా అది కూడా రెండు మూడు రోజుల్లో పడుకుంటుంది. ముందు ఫ్యాన్ బెల్టు చూడండి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు లోపు దిగాలి. అంతకంటే దిగితే వదులైంది. వాన పడ్డ పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే "కీఁ" అని అరిచే బెల్టు కూడా వదులైనదో, అరిగినదో.

ఇక ఎర్త్ సంగతి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకీ ఇది ముఖ్యం, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు ఛాసిస్‌కి వెళ్తుంది. ఛాసిస్ నుంచి ఇంజన్‌కి ఇంకో పట్టా ఉంటుంది. సెల్ఫ్ మోటారు తీసుకునే కరెంటంతా ఈ దారినే వెనక్కి రావాలి. బారువ, కళింగపట్నం, పూసపాటిరేగ వైపు తీరం గ్రామాల్లో ఉప్పుగాలి ఈ బోల్టుల్ని తినేస్తుంది. చేపల బండ్లకైతే ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి కారి సరిగ్గా అక్కడికే చేరతాయి. పైకి పట్టా బాగానే కనిపిస్తుంది, కింద తుప్పు ఉంటుంది. పరీక్ష ఇలా చెయ్యండి: గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకో ముల్లు ఇంజన్ మీద రంగు లేని ఇనుప చోట పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. మీటరు అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ పాడైంది. మీటరు లేదా? జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ బోల్టుకి తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ చకచకా తిరిగిందంటే సెల్ఫ్ మోటారు మీద మీరు ఒక్క పైసా పెట్టక్కర్లేదు. పట్టా విప్పి, బోల్టు కూర్చునే చోట ఉప్పు కాగితంతో తెల్లగా గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాస్తే చాలు.

బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తియ్యాలి, బిగించేటప్పుడు దాన్నే చివర పెట్టాలి. ప్లస్ ముందు విప్పబోతే స్పానర్ జారి బాడీకి తగిలిందంటే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ పైన ఉండే గ్యాసు అంటుకోవచ్చు. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడగండి, ఆ నీళ్లు సెల్ మూతల్లోకి మాత్రం దిగకూడదు. లోపల పొయ్యాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. బోరు నీళ్లు వద్దు, ఇంట్లో తాగే ఫిల్టరు నీళ్లూ వద్దు.

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. అప్పుడు డీజిల్ వైపు చూడాలి. టాంకు అడుగంటే దాకా నడిపినా, ఫిల్టరు మార్చినా లైన్లో గాలి పడుతుంది. ఫిల్టరు దగ్గర చేతి పంపు ఉన్న పాత బండ్లలో, గాలి తీసే స్క్రూ కాస్త వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా పంపు కొట్టి, అప్పుడు బిగించాలి. అలా చేసిన రెండు రోజులకే మళ్లీ గాలి పట్టిందంటే ఎక్కడో పైపు చీలిందని, లేదా క్లిప్పు వదులైందని అర్థం. డీజిల్ బయటికి కారకపోయినా గాలి లోపలికి పోగలదు, కాబట్టి కింద తడి లేదని వదిలెయ్యకండి.

ఇక్కడ గట్టిగా ఒక హెచ్చరిక. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్ 4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్య నిబంధనలు దేశమంతటా వచ్చాయి. ఆ తర్వాతి డీజిల్ బండ్లలో చాలావాటికి కామన్ రెయిల్ పద్ధతి, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందే పద్ధతి ఉంది. వాటిలో పంపు నుంచి ఇంజెక్టర్లకి వెళ్లే ఉక్కు పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఆ నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టడం అనే పాత పద్ధతి వీటి మీద ప్రయోగించకండి. సన్నటి డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూదిమొనంత కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. అలా జరిగితే గంటలు గడవనివ్వకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డీజిల్లో నీళ్లు మరో సమస్య. ఫిల్టరు అడుగున చిన్న మర ఉంటుంది. వర్షాకాలంలో వారానికోసారి దాన్ని వదులు చేసి గాజు సీసాలోకి కొద్దిగా దించి చూడండి. నీళ్లు ఉంటే అడుగున వేరుగా నిలుస్తాయి. స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా దించి బిగించండి. రాత్రి టాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలో తేమ గోడలకి చెమ్మగా పట్టి డీజిల్లోకి దిగుతుంది. వీలైనంత వరకు సాయంత్రమే నింపుకోండి.

పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నల్లటి పొగ అంటే గాలి చాలక డీజిల్ పూర్తిగా మండడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టరు తీసి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తెల్లటి పొగ చలి పొద్దుల్లో రెండు నిమిషాలు వస్తే భయం లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, కూలెంట్ కూడా తగ్గుతుంటే, హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు మీద అనుమానం పడాలి. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిసిన కాఫీ రంగు జిగురు కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. అప్పుడిక బండి నడపకండి.

వేడి గురించి. సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కే బండ్లకి ఇది తెలిసిన బాధే. రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తూ పోతే లోపల సున్నపు పొర కట్టి, సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పొయ్యాలి. కలిపే అమ్ముతున్న కూలెంట్ అయితే అందులో మళ్లీ నీళ్లు కలపకూడదు, డబ్బా మీద చదవండి. వేడి ముల్లు పైకి పోయినప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, మూత వదులు కాగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. హోస్ పగిలి నీళ్లు పోతుంటే ఇంజన్ వెంటనే ఆపెయ్యాలి. నీళ్లు ఎక్కడా కారడం లేదంటే పక్కకి తీసి, హీటరు ఉంటే పూర్తిగా తిప్పి, రెండు మూడు నిమిషాలు ఐడిల్లో ఉంచాక ఆపండి.

ఇంటికి వచ్చి చల్లారాక కారణం వెతకాలి. రేడియేటర్ ముందు వైపు జల్లెడలో బురద, గడ్డిపరకలు, పురుగులు నిండాయా? లోపలి వైపు నుంచి బయటికి మామూలు ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ఇంజన్ వేడెక్కినా పై హోస్ కాలుతూ కింది హోస్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే మూత, తెరుచుకోవడం లేదు, లేదా రేడియేటర్ పూడింది. "థర్మోస్టాట్ పీకేస్తే పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే. దాన్ని పాటించకండి. ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి చేరక డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా చెడుతుంది.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. ఘాట్ ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్లో దింపితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకునే రకం. తేమ పట్టిన ఆయిల్ వేడికి మరిగి ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి, సీసా మూత తీసి నెలల తరబడి ఉంచినది వాడకూడదు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మూడు మిల్లీమీటర్లకి వస్తే కొత్తవి వెయ్యండి. చేపలు, ఉప్పు మోసే బండ్లు ప్రతి రోజూ మంచినీళ్లతో కింది వైపు కడగాలి. బ్రేకు పైపుల మీద తుప్పు పొక్కులు కట్టిందేమో నెలకోసారి టార్చి వేసి చూడండి. పొక్కు కనబడితే పైపు మార్చాల్సిందే, రంగు వేస్తే పని జరగదు.

టైర్లలో గాలి పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఖాళీకి వేరే, లోడుకి వేరే ఉంటుంది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువైంది, రెండు అంచులూ అరిగితే తక్కువైంది, ఒక్క అంచే అరిగితే చక్రాల ఎలైన్‌మెంట్ తప్పింది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చాక ఆ టైరు రోడ్డెక్కకూడదు. చక్రం విప్పేటప్పుడు జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చెయ్యండి. బిగించేటప్పుడు ఎదురెదురుగా బిగించి, యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి బిగించండి. జాకీ కింద మందపాటి చెక్క, మిగతా చక్రాలకి రాళ్లు తప్పనిసరి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు.

చివరిగా వైరింగు. కోతల కాలంలో కళ్లం పక్కన నిలిపిన బండిలో ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. ఫ్యూజు పోతే దాని రంగు చూడండి: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. అదే రంగు వెయ్యాలి. ఫ్యూజు బదులు రాగి తీగ చుడితే తర్వాత కాలేది ఫ్యూజు కాదు, వైరింగు మొత్తం. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే రెండోది వెయ్యకండి. ముందు హారన్, టెయిల్ లైట్ల వైర్లు తొట్టికి రాసుకునే మలుపుల దగ్గర వెతకండి, పొర చిరిగి రాగి ఇనుముకి తగిలేది ఎక్కువగా అక్కడే.

నమస్కారం.