ప్రహరీ గోడ అవతల నేల ఎంత ఎత్తు?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే టిఫిన్ వేళకి ఇంతమంది వచ్చారంటే, వీధి చివరి ఖాళీ స్థలం గురించి అందరికీ ఎంత టెన్షన్ పట్టుకుందో తెలుస్తోంది. అక్కడ స్టిల్ట్ మీద, అంటే కింద స్తంభాల మధ్య పార్కింగు వదిలి, 14 అంతస్తులు, నాలుగు టవర్లు కడతామని బిల్డరు బ్రోషరులో వేశారు. మీరు ముందుగా పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎత్తు గురించే. కొన్ని వాస్తు గురించి. వాస్తుకి ఇంకో మీటింగు పెట్టుకుందాం.

ఎత్తు మీద పోట్లాడి లాభం లేదండీ. తమిళనాడు 2019 భవన నియమావళిలో 18.30 మీటర్లు దాటిన ప్రతి కట్టడమూ హైరైజే. 18 మీటర్ల రోడ్డు ఉంటే ఎఫ్ఎస్ఐ 3.25 దాకా వస్తుంది. అంటే స్థలం ఎంతో దానికి మూడుంబావు రెట్లు కట్టుకోవచ్చు. రూలు ఇచ్చినదాన్ని, ప్లాన్లకి అనుమతిచ్చే చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ, అదే సీఎండీఏ, కాదనదు. మన చూపు పడాల్సింది నేల మీద.

ప్లాన్ల కట్టలో సెక్షన్ డ్రాయింగ్ అని ఒక షీటు ఉంటుంది, భవనాన్ని నిలువుగా కోసి చూపించేది. మామూలుగా ఎవరూ దాన్ని తెరవరు, రంగుల బొమ్మలే చూస్తారు. అందులో కింద రెండు గీతలు వెతకండి. ఒకటి ఇప్పుడున్న నేల మట్టం, రెండోది మట్టి పోశాక వచ్చే మట్టం. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో చూస్తే మన వీధి సంగతి సగం తెలిసిపోతుంది.

ఆ తేడా ఎందుకొస్తుందంటే, ముంపు అనుమానం ఉన్న స్థలానికి జలవనరుల శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం, ఎన్ఓసీ, కావాలి. వాళ్లు పాత వరద మట్టం చూసి, స్థలాన్ని ఇంత ఎత్తు దాకా నింపమని షరతు రాస్తారు. కొనుక్కునేవాళ్లకి అది మంచిదే, వాళ్ల కారు మునగదు. కానీ ఇన్నాళ్లూ ఆ ఖాళీ స్థలంలో నిలబడిన వాననీళ్లు ఎక్కడికి పోవాలి? పక్కనున్న మన పాత ఇళ్ల గుమ్మాల్లోకి. బిల్డరు నిబంధన పాటించినందుకే మనం మునుగుతాం. ఇందులో ఎవరిదీ మోసం లేదు, అదే నాకు ఎక్కువ చిరాకు. డ్రాయింగు ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది, పరిశీలన కూడా చాలావరకు అక్కడితోనే ఆగుతుంది.

మనది మామూలు చోటు కాదు. వేళచ్చేరి నీళ్లూ, మన మేడవాక్కం, పెరుంబాక్కం నీళ్లూ పళ్లికరణై చిత్తడి నేలలోకే చేరి, ఒక్కియం మడువు అనే వాగు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో కలిసి, కోవళం దగ్గర సముద్రంలోకి పోతాయి. దారి అదొక్కటే. 2015 వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకీ ఈ వైపు నీళ్లు ఎన్నాళ్లు కదలకుండా నిలిచాయో మీకు నేను చెప్పాలా? ఆ చిత్తడి నేలలో దాదాపు 1,248 హెక్టార్లకి 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేల అన్న హోదా, వచ్చింది. దాని చుట్టూ కిలోమీటరు మేర, అధ్యయనం పూర్తయ్యేదాకా కొత్త అనుమతులు ఇవ్వొద్దని 2025లో హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెప్పింది. మన స్థలం ఆ కిలోమీటరులో పడుతుందో లేదో ఎవరికి వాళ్లు ఫోనులో కొలిచి వాదించుకోవద్దు. సర్వే నంబరు రాసి సీఎండీఏనే అడగాలి.

డ్రాయింగులో ఇంకో సరదా ఉంటుంది. ప్రహరీ పొడుగునా చిన్న చిన్న గుండ్రాలు గీస్తారు, అవి ఇంకుడు గుంతలు. రూలు ప్రకారం ఉండాల్సిందే. కానీ చిత్తడి నేల అంచున నవంబరులో నాలుగడుగులు తవ్వితే నీళ్లు కనిపిస్తాయి. అప్పటికే నిండిన గుంత ఇంకేం ఇంకిస్తుంది? వాన నీటిని కాసేపు ఆపి మెల్లగా వదిలే తొట్టి ఎక్కడుంది, అది నిండితే ఏ కాలువలోకి వదులుతారు, ఆ కాలువ అడుగు మట్టం ఎంత అని అడగండి.

మిగతావి గబగబా చెప్తాను. 30 మీటర్ల ఎత్తు దాకా చుట్టూ 7 మీటర్ల ఖాళీ వదలాలి, ఆపైన ప్రతి ఆరు మీటర్లకీ ఇంకో మీటరు. అది ఫైరింజన్ తిరగడానికి. అందులోనే ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు, మురుగు శుద్ధి ట్యాంకు మూతలు పెట్టేశారేమో చూడండి. స్థలం 10,000 చదరపు మీటర్లు దాటితే పదో వంతు ఓఎస్ఆర్ (అందరి కోసం వదలాల్సిన ఖాళీ జాగా) కింద స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. ఆ పార్కు మనందరిదీ. దాన్ని గేటు లోపల వెనక మూలకి నెట్టేస్తే మన పిల్లలు అందులో ఆడరు.

సీఎండీఏ చూసిందిగా, భయమెందుకు అని ఒకాయన రాశారు. 2014లో మౌళివాక్కంలో కూలి 61 మందిని బలితీసుకున్న 11 అంతస్తుల భవనానికి కూడా ప్లానింగ్ పర్మిషన్ ఉంది. ఆ కాగితం వేరే ప్రశ్నలకి జవాబు, మన నీళ్ల ప్రశ్నకి కాదు.

మరి మనల్ని పిలిచి ఎవరైనా అడుగుతారా? అడగరు. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి గానీ, 2006 నోటిఫికేషన్ ఇలాంటి భవనాలకి బహిరంగ విచారణ అక్కర్లేదంది. నా దృష్టిలో అది తప్పు. అయినా దరఖాస్తూ, మీటింగు మినిట్సూ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో పెడతారు. పర్మిషన్ వచ్చాక, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా సైట్లో ప్లాన్లు దొరుకుతాయి గానీ, అప్పటికి కాంక్రీటు లారీలు వచ్చేస్తాయి.

అందుకే ఈ వారమే పని. ప్రతి ఇంటివాళ్లూ 2023లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీది మరకని టేపుతో కొలిచి, టేపు కనపడేలా ఫోటో తీయండి. రోడ్డు మధ్య నుంచి మీ గుమ్మం ఎంత ఎత్తో కూడా రాయండి. ఈ కొలతలన్నీ ఒకే మ్యాపు మీద నేను వేసిస్తాను. అర్జీ తమిళంలోనే ఉండాలి, మన రెండో తరం పిల్లలకి అది బాగా వచ్చు, వాళ్లని కూర్చోబెట్టండి. ఒక కాపీ సీఎండీఏ మెంబర్ సెక్రటరీకి, ఒకటి రాష్ట్ర పర్యావరణ ప్రభావ అంచనా సంస్థకి, ఒకటి జలవనరుల శాఖకి. అందినట్టు ముద్ర వేయించుకోకుండా ఏ కౌంటరు నుంచీ కదలొద్దు. ఇక ప్రశ్నలుంటే అడగండి, మైకు వెనక వరసకి పంపిస్తున్నాను.