క్రిస్ రాక్: చెంపదెబ్బకు ముందు, తర్వాత

మిత్రులందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన ప్రశ్న సూటిగానే ఉంది. అమెరికన్ స్టాండప్ కమెడియన్ క్రిస్ రాక్ 2023 స్పెషల్ 'సెలెక్టివ్ ఔట్‌రేజ్' అతని పాత స్పెషల్స్‌కు సాటి వస్తుందా? రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకు సస్పెన్స్ ఉండదు, నాకు టెన్షన్ ఉండదు. అయితే ఎందుకు సాటి రాదన్న దగ్గర నలుగురూ చెప్పే కారణాలు నాకు నచ్చవు. వయసు మీద పడిందంటారు. 2022 ఆస్కార్ వేదిక మీద నటుడు విల్ స్మిత్ కొట్టిన చెంపదెబ్బతో మనిషి డీలా పడ్డాడంటారు. ఆ గంట పైచిలుకు చూడండి. తెల్ల బట్టల్లో స్టేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంటాడు, గొంతు ఎక్కడా తగ్గదు, జోకు ఎక్కడ ఆపాలో అక్కడే ఆపుతాడు. పనితనం అలాగే ఉంది. కాకపోతే ఈసారి బోనులో అందరినీ నిలబెట్టి తను మాత్రం తప్పుకున్నాడు. నా అభియోగం అదొక్కటే. మిగతా ఉపన్యాసమంతా దానికి సాక్ష్యం.

స్టాండప్ అంతగా చూడనివాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక మాట. కమెడియన్ ఏడాదో రెండేళ్లో ఊరూరా తిరిగి, చెప్పి చెప్పి అరగదీసిన గంట సరుకును మంచి థియేటర్లో రికార్డు చేసి వదిలితే అది స్పెషల్. ఒకసారి బయటికొచ్చాక ఆ జోకులు స్టేజీకి పనికిరావు, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. రాక్ ఆ మొదలుపెట్టడం ఎలాగో చాలామంది రాశారు. న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక చిన్న క్లబ్బుకు చెప్పాపెట్టకుండా వెళతాడు. చేతిలో పసుపు కాగితాల ప్యాడ్ ఉంటుంది. నటించడు, అరవడు, కాగితం చూసి గొణుగుతాడు. సగానికి సగం జోకులకు ఎవరూ నవ్వరు. నవ్వని వాటిని కొట్టేసుకుని ఇంటికి వెళ్లిపోతాడు. అంత పెద్ద పేరున్నవాడు యాభై మంది ముందు అలా తెల్లమొహం వేయడానికి సిద్ధపడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక 1996కి వెళదాం. అప్పటికి రాక్ 'సాటర్డే నైట్ లైవ్' అనే టీవీ కామెడీ షోలో మూడేళ్లు ఉండి, పెద్దగా ముద్ర వేయకుండా బయటికొచ్చినవాడు. వాషింగ్టన్‌లోని టకోమా థియేటర్లో 'బ్రింగ్ ద పెయిన్' రికార్డు చేశాడు. హాల్లో ఎక్కువమంది ఆ ఊరి నల్లజాతి జనం. మొదలుపెట్టడమే ఆ ఊరి మేయర్ మారియన్ బ్యారీతో. ఈ బ్యారీ 1990లో హోటల్ గదిలో క్రాక్ కొకైన్ పీలుస్తూ ఎఫ్‌బీఐ కెమెరాకు చిక్కాడు, ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. 1994లో ఊరి జనం అతన్నే మళ్లీ మేయర్‌ని చేశారు. అంటే రాక్ ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామంది అతనికి ఓటేసినవాళ్లే అయ్యుంటారు. 1995లో లక్షలమంది నల్లజాతి మగవాళ్లు వాషింగ్టన్‌కు కదిలొచ్చిన ర్యాలీలో బ్యారీ కూడా వేదికెక్కాడు కదా, దాన్ని పట్టుకున్నాడు రాక్. మన జాతి తలెత్తుకున్న రోజున కూడా స్టేజీ మీద ఒక క్రాక్ బాబాయి లేకుండా మనకు గడవలేదు అన్న ధోరణిలో అంటించాడు. టికెట్టు కొని వచ్చినవాళ్లను మొదటి నిమిషాల్లోనే అలా అనడానికి గుండె కావాలి. హాలు మాత్రం విరగబడి నవ్వింది, ఎందుకంటే అతను అన్నది 'మీరు' అని కాదు, 'మనం' అని.

అతని పద్ధతి గమనించండి. ముందు ఒక వాక్యం అంటాడు. నడుస్తూ దాన్నే మళ్లీ అంటాడు. ఇంకోసారి కూడా అంటాడు. ఆ తర్వాతే జోకు. రాక్ తాత చర్చిలో బోధకుడు. ఆ వరస అక్కడిది. మన బుర్రకథలో కథకుడికి అటు హాస్యవంత, ఇటు రాజకీయవంత ఉంటారు చూడండి, ఈ మనిషి ముగ్గురి పనీ ఒక్కడే చేస్తాడు. కథ ఎత్తుకుంటాడు, తందాన తనే పాడతాడు, వెక్కిరింపూ తనదే, నిలదీతా తనదే.

ఆ స్పెషల్‌కు టీవీ అవార్డులు ఎమ్మీలు రెండు వచ్చాయి. అంతమాత్రాన అందులో ప్రతి నిమిషం బంగారమని అనను. ఆడవాళ్ల మీద వేసిన జోకులు కొన్ని ఇవాళ చూస్తే మొహం చిట్లించేలా ఉంటాయి. నల్లజాతివాళ్లలోనే రెండు రకాలున్నారంటూ చేసిన, దేశమంతా మోగిపోయిన ఆ భాగాన్ని ఇక చెప్పనని తర్వాత అతనే మానేశాడు. కొందరు తెల్లవాళ్లు అందులోని నల్లజాతిని తిట్టే మాట వాడుకోవడానికి దాన్ని లైసెన్సుగా తీసుకున్నారని అతని బాధ. పాతవాటిని తలుచుకునేటప్పుడు మనం మంచి పది నిమిషాలే గుర్తుపెట్టుకుంటాం. కొత్తదాన్ని మాత్రం మొత్తం చూసి తూకం వేస్తాం. ఆ అన్యాయం రాక్‌కు కూడా జరుగుతోంది. దాన్ని లెక్కలో వేసుకున్నా నా తీర్పు మారలేదు.

1999లో న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో 'బిగ్గర్ అండ్ బ్లాకర్'. తుపాకుల మీద కంట్రోల్ ఎందుకు, తూటా ఒక్కొక్కటి 5,000 డాలర్లు చేసేయండి, కాల్చేవాడు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తాడు అన్న జోకు దాంట్లోదే. ఇంట్లో నాన్నకు దక్కేది చికెన్‌లో పెద్ద ముక్క ఒక్కటే, దాన్నీ పిల్లలు ముట్టుకుంటే అమ్మకు ఎంత కంగారో చెప్పిన జోకూ దాంట్లోదే. 2004లో వచ్చిన 'నెవర్ స్కేర్డ్'లో బాగా డబ్బున్న ఆటగాడు వేరు, ఆ ఆటగాడికి చెక్కు రాసిచ్చే ఆసామి వేరు అని తేల్చి చెప్పాడు. వీటి గురించి ఇంతకంటే చెప్పను, ఎందుకంటే నేను మీ చేత తప్పకుండా చూపించాలనుకునేది 2008 నాటి 'కిల్ ద మెసెంజర్'లో ఒక ముక్క.

న్యూజెర్సీలో ఆల్పైన్ అని బాగా కలిగినవాళ్ల ఊరు. అప్పట్లో రాక్ ఇల్లు అక్కడ. మా ఊళ్లో నల్లవాళ్లం నలుగురమే అని లెక్కపెడతాడు: తను, గాయని మేరీ జే బ్లైజ్, ర్యాపర్ జే-జీ, నటుడు ఎడ్డీ మర్ఫీ. ఒక్కొక్కరి గొప్పతనం నిదానంగా చెప్పుకొస్తాడు. ఆమె తన రంగంలో మకుటంలేని మహారాణి, ఇతను ర్యాప్‌లో మేటి, ఆయన అంతగా నవ్వించినవాడు మరొకడు లేడు. తన వంతు వచ్చేసరికి ఏదో మనమూ ఫరవాలేదు అన్నట్టు ఊరుకుంటాడు. మరి నా పక్కింటి తెల్లాయన ఏం చేస్తాడో తెలుసా? డెంటిస్టు. ప్రపంచంలోకెల్లా పెద్ద డెంటిస్టేం కాదు, మామూలుగా పళ్లు పీకే డెంటిస్టు. అదే నల్ల డెంటిస్టు ఈ వీధిలో ఇల్లు కొనాలంటే పళ్లు అనేవాటిని అతనే కనిపెట్టి ఉండాలి!

ఇందులో వివక్ష అన్న మాట రాలేదు. గణాంకాలు లేవు, కోపం లేదు. నాలుగు పేర్లు, ఒక పళ్ల డాక్టరు. వినేవాడు తనంతట తానే లెక్క కట్టుకుంటాడు. పైగా ఇందులో రాక్ కూడా నిర్దోషి కాదు. తన వాళ్లను వదిలి డెంటిస్టు పక్కన ఇల్లు కొనుక్కున్నవాడు తనే, ఆ గొప్ప చెప్పుకుంటున్నదీ తనే. లండన్, న్యూయార్క్, జొహన్నెస్‌బర్గ్ షోలను కలిపి ఎడిట్ చేశారు కాబట్టి జోకు మధ్యలో చొక్కా మారిపోతుంటుంది. ఆ ఎడిటింగ్ నాకు చిరాకే. కానీ మూడు ఖండాల జనం ఒకే ముక్కకు ఒకేలా పగలబడటం దానివల్లే చూడగలిగాం.

తర్వాత పదేళ్లు స్పెషల్ లేదు. ఈలోగా విడాకులయ్యాయి. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో 'టాంబరీన్' వచ్చింది. బ్రూక్లిన్‌లో తీశారు, దర్శకుడు బో బర్నమ్ అనే మరో కమెడియన్. కెమెరా మొహానికి దగ్గరగా ఉంటుంది, రాక్ గొంతు కూడా తగ్గించి మాట్లాడతాడు. మొదట్లో పోలీసు కాల్పుల గురించి అంటాడు: ఏదో కొద్దిమంది చెడ్డ పోలీసులు ఉంటారులే అంటే కుదరదు, కొన్ని ఉద్యోగాల్లో అందరూ మంచివాళ్లే ఉండాలి, మా పైలట్లలో ఎక్కువమందికి విమానం దించడం ఇష్టమే, కొందరికి మాత్రం కొండలకు గుద్దడం సరదా అని ఏ విమాన కంపెనీ అయినా చెప్పగలదా? హాయిగా నవ్వుతాం. అరగంట దాటాక తన కాపురం సంగతి ఎత్తుతాడు. నేను మంచి మొగుణ్ణి కాదు, పరాయి ఆడవాళ్లతో తిరిగాను, పోర్న్‌కు బానిసయ్యాను అని ఒప్పుకుంటాడు. సంసారం ఒక బ్యాండు లాంటిదట. కొన్నాళ్లు నువ్వు పాడతావు, కొన్నాళ్లు వెనక నిలబడి టాంబరీన్ వాయిస్తావు. వాయించాల్సి వచ్చినప్పుడు ఏడుస్తూ వాయించకు, సరిగ్గా వాయించు అంటాడు. నా లెక్కలో అతని స్పెషల్స్‌లో మొదటిది 'బ్రింగ్ ద పెయిన్' కాదు, ఇదే. ఇందులో నవ్వులు తక్కువని చాలామంది అభ్యంతరం. తక్కువే. పోయేదేముంది?

ఇప్పుడు చెంపదెబ్బ. 2022 మార్చి 27, ఆస్కార్ వేదిక. నటి జాడా పింకెట్ స్మిత్ గుండు మీద రాక్ ఒక జోకు వేశాడు. ఆమెకు జుట్టు రాలిపోయే జబ్బు ఉంది. భర్త విల్ స్మిత్ స్టేజీ ఎక్కి చెంప ఛెళ్లుమనిపించాడు. కాసేపటికి అదే స్మిత్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. తర్వాత అకాడమీ అతన్ని పదేళ్లపాటు తన కార్యక్రమాలకు రావద్దంది. రాక్ కేసు పెట్టలేదు, ఇంటర్వ్యూలు ఇవ్వలేదు, ఏడాదిపాటు ఊళ్లు తిరిగి షోలు చేసుకున్నాడు. 2023 మార్చి 4 రాత్రి బాల్టిమోర్‌లోని హిప్పోడ్రోమ్ థియేటర్ నుంచి నెట్‌ఫ్లిక్స్ తన చరిత్రలో మొదటిసారిగా ప్రపంచమంతటికీ లైవ్ ఇచ్చింది. మనకు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. ఇడ్లీ వేళకు అన్ని బూతులు వినడం తెలుగువాళ్లకు కొత్త అనుభవమే. మళ్లీ ఆస్కార్ సభకు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు పెట్టుకున్నారు. అవును, మన కీరవాణి, చంద్రబోస్ గార్లు బహుమతి అందుకున్న సభే.

ఆ సెట్‌లో బాగున్నవి ముందు చెబుతాను. బ్రిటన్ రాజకుమారుడు హ్యారీ భార్య మేఘన్ మార్కెల్ ముక్క. ఆమె చెప్పిన వాటిలో కొన్ని జాతి వివక్షే, కొన్ని మాత్రం ఉత్త అత్తింటి గొడవలు అంటాడు. పుట్టబోయే బిడ్డ రంగు ఎంత ఉంటుందోనని అడిగారా, మా నల్లవాళ్లమూ అడుగుతాం, చెవుల వెనక చూసి మరీ తేల్చుకుంటాం అంటాడు. పురిటి మంచం దగ్గర మన వాళ్లు వేసే మొదటి రెండు ప్రశ్నల్లో ఒకటి ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కూతురు స్కూలు ట్రిప్పులో తాగి పట్టుబడ్డ కథ ఇంకా బాగుంటుంది. తల్లి లాయర్ను పెట్టి పోరాడుతుంటే, ఇతను చాటుగా స్కూలువాళ్లను కలిసి, పిల్లకు బుద్ధి రావాలి, బయటికి పంపేయండి అని చెప్పి వచ్చాడట. ఇక్కడ బోనులో ఉన్నది తనే. అందుకే హాలు నవ్వులో తేడా తెలుస్తుంది.

మిగతా చోట్ల అది లేదు. వంద డాలర్ల యోగా ప్యాంట్లు అమ్ముతూ జాతి వివక్షకు వ్యతిరేకమని బోర్డు పెట్టే కొట్టు, ఒకే నేరం చేసిన ఇద్దరు గాయకుల్లో ఒకరి పాటలు వింటూ ఇంకొకరివి మానేసే జనం, అందరి దృష్టీ తమ మీద పడాలని తహతహలాడేవాళ్లు. జోకులు కుదురుగానే ఉన్నాయి. కానీ బాల్టిమోర్ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎవరి ఒళ్లూ చురుక్కుమనలేదు. వేరే ఏ మంచి కమెడియన్ చెప్పినా అంతే నవ్వేవాళ్లు.

చివరి పది నిమిషాలు అందరూ ఎదురుచూసినవి. విల్ స్మిత్ అప్పటి కొత్త సినిమా 'ఇమాన్సిపేషన్'లో బానిసగా కొరడా దెబ్బలు తింటుంటే చూడటానికే వెళ్లానన్న జోకుకు థియేటర్ హోరెత్తింది. తర్వాత కేసు వాదించడం మొదలుపెట్టాడు. 'కన్‌కషన్' సినిమాకు స్మిత్‌కు నామినేషన్ రాలేదని 2016లో జాడా తనను ఆస్కార్ హోస్టింగ్ మానేయమన్నదని, గొడవ మొదలైంది అక్కడేనని. ఆ సినిమా పేరు చెప్పబోయి 'ఇమాన్సిపేషన్' అనేశాడు, నాలుక కరుచుకుని జోకు చెడగొట్టానని బూతుతో సహా ఒప్పుకుని మళ్లీ చెప్పాడు. తర్వాత నెట్‌ఫ్లిక్స్ ఆ ముక్క కత్తిరించి పెట్టింది. లైవ్ అని అంత చాటింపు వేసి, లైవ్‌గా జరిగిన ఒక్కదాన్నీ తీసేయడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అసలు పొరపాటు ఎందుకొచ్చిందంటే, ఏడేళ్ల తేదీలు, సినిమా పేర్లు మోసుకుంటూ నడవాల్సిన జోకు అది. డెంటిస్టు జోకుకు ఏ ఫైలూ అక్కర్లేదు.

జాడాను తిట్టిన తీరు గురించి చాలా రాశారు. తిట్టు కంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. నేను బాధితుణ్ణి కాదు, టీవీలో కూర్చుని ఏడవను అంటూనే మిగిలిన సమయమంతా ఎదుటివాళ్ల తప్పులే చదివాడు. నేనెందుకు ఆ జోకు వేశాను, దెబ్బ తిన్న రాత్రి నా పిల్లల ముందు ఎలా ఉన్నాను, వీటి జోలికి పోలేదు. అంతకు ఐదేళ్ల ముందు కాపురం గురించి అంత బట్టబయలుగా మాట్లాడినవాడు ఈ ఒక్క రాత్రి గురించి నోరు మెదపలేదు.

ఆఖర్న మాత్రం పాత రాక్ ఒక్క క్షణం వచ్చాడు. తిరిగి ఎందుకు కొట్టలేదని అడుగుతున్నారు కదా, నాకు తల్లిదండ్రులు ఉన్నారు, పెంపకం ఉంది, తెల్లవాళ్ల ముందు కొట్టుకోకూడదని నేర్పారు అని మైకు పడేసి వెళ్లిపోయాడు. జనం దాన్ని గొప్ప ముగింపు అన్నారు. నేను ఒప్పుకోను. అది ముగింపు వాక్యం కాదు, మొదటి వాక్యం. 1996 నాటి రాక్ అయితే ఆ మాటనే మూడుసార్లు అని, అక్కడి నుంచి మొదలుపెట్టేవాడు. ఆ నియమం ఏ అమ్మానాన్నలు పెట్టారు, ఏ భయంతో పెట్టారు, అది పాటించి ఎంతమంది ప్రాణం దక్కించుకున్నారు, కోట్లమంది తెల్లవాళ్లు టీవీలో చూస్తుండగా దాన్ని స్మిత్ తప్పితే తనకు చెంప కంటే ఎక్కువ ఎక్కడ మండింది, ఇప్పుడు టికెట్లు అమ్మి అదే గొడవను మళ్లీ వాళ్ల ముందే విప్పుతున్న తను ఆ నియమం పాటిస్తున్నట్టా, తప్పుతున్నట్టా? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర అతను కూడా బోనెక్కేవాడు. గంట స్పెషల్ అక్కడ ఉంది, దాన్ని తీయలేదు.

నా వరస అడిగితే 'టాంబరీన్', 'బ్రింగ్ ద పెయిన్', 'కిల్ ద మెసెంజర్', 'బిగ్గర్ అండ్ బ్లాకర్', 'నెవర్ స్కేర్డ్', ఆ తర్వాత ఇది. మొదటి రెండింటినీ తారుమారు చేయాలనేవాళ్లు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు. మైకు వాళ్ల వైపు పంపండి.