ఊదని విజిల్‌కి రీప్లే ఎక్కడ?

(స్టూడియో చర్చ రికార్డింగ్ నుంచి. మాట మీద మాట పడిన చోట వినిపించినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. 2025 ఏప్రిల్ 27, ఆదివారం, డెట్రాయిట్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) మ్యాచ్. న్యూయార్క్ నిక్స్ 94, డెట్రాయిట్ పిస్టన్స్ 93. ఆఖరి క్షణంలో పిస్టన్స్ ఆటగాడు టిమ్ హార్డవే జూనియర్ మూలనుంచి త్రీ పాయింటర్ వేస్తుంటే నిక్స్ ఆటగాడు జాష్ హార్ట్ వచ్చి గుద్దుకున్నాడు. విజిల్ మోగలేదు. ఆట అయిపోయాక క్రూ చీఫ్ (ప్రధాన రిఫరీ) డేవిడ్ గుత్రీయే ఒప్పుకున్నారు, అది ఫౌల్ ఇవ్వాల్సిందేనని. ఈరోజు ముగ్గురు అతిథులు, ముగ్గురికీ సమానంగా టైమ్. కోచ్ గారూ, క్రికెట్‌లో డీఆర్‌ఎస్ ఉంది కదా, వీళ్లకేమైంది?

కోచ్: త్రీ పాయింటర్ మీద ఫౌలంటే మూడు ఫ్రీ త్రోలండీ, ఒక్కోటి ఒక పాయింటు! తేడా ఒక్క పాయింటు. మూడింట్లో రెండు పడినా మ్యాచ్ పిస్టన్స్‌దే. ఇంటికెళ్లాక సారీ చెప్తే ఎవడిక్కావాలి?

జర్నలిస్టు: ఛాలెంజ్, అంటే కోచ్ రీప్లే చూడమని అడగడం, వాళ్లకీ ఉంది సార్. 2019-20 నుంచి ఉంది. కాకపోతే రిఫరీ ఇచ్చిన కాల్ మీదే...

కోచ్: నేను అదే అంటున్నా!

జర్నలిస్టు: పూర్తి చేయనివ్వండి. ఇవ్వని కాల్‌ని ఛాలెంజ్ చేసే వీల్లేదు. విజిల్ ఊదితేనే రీప్లే. ఊదకపోతే న్యూజెర్సీలో, సెకాకస్ రీప్లే సెంటర్‌లో ఎన్ని స్క్రీన్లున్నా...

కోచ్: అలంకారానికా ఆ స్క్రీన్లు? 2014 నుంచి నడుపుతున్నారు!

యాంకర్: రిఫరీ గారూ, మీరు ఏళ్ల తరబడి విజిల్ పట్టుకున్నారు. డీఆర్‌ఎస్ లాంటిది ఉంటే మీకూ టెన్షన్ తగ్గేది కదా?

రిటైర్డ్ రిఫరీ: అసలు రీప్లే ఎలా వచ్చిందో చెప్తానండి. 2002, లేకర్స్, కింగ్స్ జట్ల మ్యాచ్. ఫస్ట్ హాఫ్ బజర్ మోగాక లేకర్స్ ఆటగాడు సమాకీ వాకర్ చేతిలోంచి బంతి వదిలాడు, అది బాస్కెట్‌గా లెక్కేశారు. చివరికి లేకర్స్ 100, కింగ్స్ 99. మరుసటి సీజన్ నుంచే బజర్ షాట్లకి రీప్లే పెట్టారు. మా జిల్లా టోర్నమెంట్లలో అయితే బజర్ కూడా లేదు, టేబుల్ దగ్గర కుర్రాడు స్టాప్‌వాచ్ పట్టుకుని "అయిపోయింది" అని అరిచేవాడు. ఒకసారి వాడు టీ తాగుతూ...

కోచ్: టీ సంగతి తర్వాత సార్! లెబ్రాన్ సంగతేంటి? 2023 జనవరి, బోస్టన్. లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ షాట్ వేస్తుంటే బోస్టన్ ఆటగాడు టాటమ్ అతని చేతి మీద కొట్టాడు, విజిల్ లేదు, ఓవర్‌టైమ్‌లో లేకర్స్ ఓడిపోయింది. లేకర్స్ ఆటగాడు ప్యాట్రిక్ బెవర్లీ ఫొటోగ్రాఫర్ కెమెరా తెచ్చి రిఫరీకి చూపిస్తే బెవర్లీకే టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకి వేసే శిక్ష)! సాక్ష్యం తెచ్చినవాడికి శిక్ష! ఇక్కడ కూడా అదే కథ...

(ఇద్దరు ఒకేసారి)

యాంకర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు! మేడమ్, డీఆర్‌ఎస్...

జర్నలిస్టు: తేడా అక్కడే ఉందండి. క్రికెట్‌లో అప్పీల్ చేస్తారు, అంపైర్ నాటౌట్ అన్నా అదొక నిర్ణయం, దాని మీద రివ్యూకి వెళ్లొచ్చు. బాస్కెట్‌బాల్‌లో విజిల్ ఊదకపోవడాన్ని నిర్ణయంగా లెక్కించరు. పైగా ఆట ఆగదు, పదిమంది తగులుతూనే ఉంటారు. అయినా 2024లో ఒక సందు తెరిచారు. బంతి ఎవరి మీదనుంచి బయటికెళ్లిందో రివ్యూ చేస్తున్నప్పుడు పక్కనే మిస్సయిన ఫౌల్ కనబడితే...

యాంకర్: అంటే డీఆర్‌ఎస్ వచ్చేసినట్టేగా!

జర్నలిస్టు: కాదండి...

రిటైర్డ్ రిఫరీ: ఆ డీఆర్‌ఎస్‌ని మన బోర్డే 2016 దాకా వద్దందిగా.

యాంకర్: అది వేరే డిబేట్ సార్.

కోచ్: ఒకటే మాట చెప్తా. ఆఖరి రెండు నిమిషాల్లో అన్నీ చూడాలి. ఊదినవీ, ఊదనివీ! 2015 నుంచి ఆ రెండు నిమిషాల మీద రిపోర్టు రాస్తున్నారు కదా. ఆ చూసేదేదో అప్పుడే చూడొచ్చుగా?

రిటైర్డ్ రిఫరీ: ఇప్పటికే ఆ రెండు నిమిషాలు ఎంతసేపు సాగుతున్నాయో చూడండి. ఫౌల్, టైమౌట్, రివ్యూ, మళ్లీ టైమౌట్. వేడిగా ఉన్న ఆటగాడు చల్లారిపోతాడు. గుత్రీ ఒప్పుకోవడమే పెద్ద విషయమని నేనంటా...

కోచ్: ఒప్పుకుంటే పాయింట్లు వస్తాయా? మూడు ఫ్రీ త్రోలండీ!

జర్నలిస్టు: అన్నీ చూడాలంటే ఒకడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడే ప్రతి చోటా మూడు సెకన్ల తోపులాట కూడా ఫౌలే అవుతుంది. ఎక్కడ గీత గీస్తారు?

కోచ్: గీత సంగతి వాళ్లు చూసుకుంటారు. మ్యాచ్ పోయిందా లేదా?

యాంకర్: పోయింది. కోచ్ గారి ఆవేదనలో న్యాయం ఉందనే అనిపిస్తోంది. మేడమ్, పది సెకన్లలో చెప్పండి, డీఆర్‌ఎస్ కావాలా, వద్దా?

జర్నలిస్టు: ప్రశ్నే అది కాదు, విజిల్ లేని చోట ఎవరు...

యాంకర్: సమయం అయిపోయిందండి. కోచ్ గారూ, చివరి మాట మీదే.

కోచ్: థాంక్స్. ఇప్పుడు ఆ మూడు ఫ్రీ త్రోలు...

(బ్రేక్)